రాయి అని చెప్పాను

2007 జూన్ 11, సోమవారం

ఇంట్లో రాయి అని చెప్పీసాను. కిడ్నీలో రాయి. ముందు అనుకున్నదేటీ కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చీసింది. విమల గుమ్మంలోనే నిలబడి "డాక్టరేటన్నాడండీ?" అనడిగింది. నేను చెప్పులు విప్పుతా "రాయట" అన్నాను. అంతే. ఇక్కడ కూడా రాయి అనే రాస్తాను. చేతికి అలవాటైతే నోటికీ అలవాటవుతాది, రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా ఉండొచ్చు.

ఈ ఒక్కసారికి అసలు సంగతి రాసి వదిలేస్తాను. మూత్రం సంచి కింద ప్రోస్టేటు అని ఒక గ్రంథి ఉంటాదట. మగాళ్ళకే. వయసు మళ్ళాక వాస్తాదట. నాది బాగా వాచిపోయి దారిని నొక్కేస్తోందట. అందుకే రాత్రి నిద్ర ఉండదు, పాసుకని నిలబడితే చుక్కలు తప్ప ఏమీ రాదు. దాంతో పాటు నెత్తురు పరీక్షలో ఏదో ఉండాల్సిన దానికంటే ఎక్కువుందట. "వాపు వల్ల కావచ్చు, చీము వల్ల కావచ్చు, క్యాన్సర్ వల్ల కూడా కావచ్చు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదామండీ" అన్నాడు డాక్టరు. కుర్రాడే, మర్యాదస్తుడు. ఆ సూది ఎక్కణ్ణుంచి పెడతారో కూడా చెప్పాడు. ఆలోచించుకుని వస్తానని లేచి వచ్చీసాను.

క్యాన్సరేటి, నా మొహం. మా ఇంటా వంటా లేదు.

రాయంటే గౌరవమైన జబ్బు. పోర్టులో సగం మందికి రాళ్ళే. ఎండలో పని చేస్తారు, నీళ్ళు తాగరు, రాయి వస్తాది, అయ్యో పాపం అంటారు. ఈ రెండోది అలాక్కాదు. తాతబాబు సంగతి నాకు తెలీదేటి? ఓడలు ఆగే మా బెర్తు మీద సిగ్నల్‌మేన్ వాడు. నేను క్రేను మీద, వాడు కింద ఓడ డెక్కు మీద. వాడి చెయ్యి ఎలా ఆడితే నా హుక్కు అలా దిగేది. వాడికి ఇదే జబ్బొచ్చి, పాత పద్ధతిలో కోయించుకుని, నెల్లాళ్ళకి డ్యూటీకి వచ్చాడు. వచ్చిన రోజే "కుళాయి" అని పేరు పడిపోయింది. వాడు కేంటీన్లో అడుగు పెడితే చాలు, "ఒరే, కుళాయి కట్టండ్రా, నీళ్ళు కారిపోతన్నాయి" అని ఒకటే గోల. రిటైరైన రోజున మెళ్ళో దండ వేసినప్పుడు కూడా కుళాయే. ఆ పేరు పెట్టింది నేనే. కాబట్టి నాకు బాగా తెలుసు, మా బెర్తు మీద ఒకసారి పేరు పడిందంటే ఇక పోదు. మా వాళ్ళ అసలు పేర్లు, మనిషి పోయాక కేంటీన్లో నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాస్తే గాని ఎవరికీ తెలీవు.

అంచేత రాయి.


జూన్ 13

ఒకసారి మెట్లెక్కి కేబిన్లో కూర్చున్నాక మధ్యలో దిగడం కుదరదు. కింద గ్యాంగంతా నా హుక్కు కోసమే తలెత్తి చూస్తా ఉంటారు. ఇవేళ ఎరువుల ఓడ. రెండుసార్లు దిగాను. మూడోసారి దిగబోతే కింద నుంచి మా గ్యాంగు ఎల్లాజీ, "ఏటి బావా, పైన సీటు కరత్తన్నాదేటి?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తాది.

రేపట్నుంచి ఒక సీసా పట్టుకెళ్తాను. ఆకుపచ్చది, లోపలేముందో కనపడదు. లారీ డ్రైవర్లు చెయ్యట్లేదా. తప్పేం లేదు.


జూన్ 15

విమల రాయి మీద యుద్ధం ప్రకటించింది. పొద్దున్నే అరటి దూట రసం. తర్వాత బార్లీ నీళ్ళు. మధ్యాహ్నం ఉలవచారు. కూరేమో కొండపిండాకు. అది గోపాలపట్నం బజార్లో దొరకలేదని గ్రేసీ చేత పద్మనాభం నుంచి తెప్పించింది. మా అమ్మాయి గ్రేసీ అక్కడి స్కూల్లో టీచరు, రోజూ బస్సులో వెళ్ళి వస్తాది. పాపం, సంచీ నిండా ఆకు మోసుకొచ్చింది.

"కొండల్ని పిండి సేసీ ఆకండీ ఇది. మీ రాయెంత?" అంటా కంచంలో కుమ్మరించింది విమల.

వీటన్నిటి పనీ ఒక్కటే, నీళ్ళు ఎక్కువ పోయించడం. ఇక్కడ దారే మూసుకుపోయి నేను ఏడుస్తంటే పైనుంచి చెరువు తెంపినట్టుంది. వద్దందామంటే ఎందుకొద్దో చెప్పాలి. తాగీసాను. తినీసాను. రెండోసారి వడ్డించింది, అదీ తినీసాను.


జూన్ 17, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు ఏమున్నాయని పాస్టరు అయ్యగారు అడగ్గానే స్త్రీల వైపు నుంచి విమల లేచింది. "మా ఆయనకి కిడ్నీలో రాయండి. బాగా బాదపడతన్నారండి" అంది.

సంఘమంతా మోకాళ్ళ మీదకి దిగింది. ఎడారిలో బండలోంచి నీళ్ళు రప్పించిన ప్రభువు మా సహోదరుడు రత్నంగారి రాయిని కూడా కరిగించాలని అయ్యగారు కళ్ళ నీళ్ళతో ప్రార్థించారు. మంచి మనిషి. మా గుడి కట్టినప్పుడు ఇటుకలు మోసిన మనిషి. ఆయన ఏడుస్తంటే నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆమేన్ దాకా ఆగలేకపోయాను. మధ్యలో లేచి వెనక గోడ దగ్గరికి పరిగెత్తాను.

నా కోసం చేసే ప్రార్థనలో నేనే లేను. దేవుడు ఇవేళ నా రెండు కిడ్నీలూ వెతికి ఉంటాడు.


జూన్ 20

రాత్రి ఎన్నిసార్లు లేచానో లెక్కపెట్టడం మానేశాను.


జూన్ 24, ఆదివారం

నిన్న మొత్తం బందైపోయింది. చుక్క లేదు. పొద్దున్న చెంబుడు బార్లీ నీళ్ళు తాగి డ్యూటీకెళ్ళాను, మధ్యాహ్నానికి పొట్ట బండైపోయింది. కేబిన్లో సీసా పట్టుకుని నిలబడి, ప్రభువా ప్రభువా అంటా తల గోడకి కొట్టుకున్నాను. కింద ఓడ హేచ్, సరుకు గది మూత, తెరిచి ఉంది, గ్యాంగు విజిల్ వేస్తంది. ఎలా దిగానో తెలీదు. ఎల్లాజీకి కూడా "రాయి కదిలింది" అని చెప్పాను. చచ్చేంత నొప్పిలో కూడా ఆ అబద్ధం ఎంత చక్కగా వచ్చిందో.

ఆసుపత్రిలో ట్యూబు వేశారు. అది దిగగానే ఒళ్ళంతా తేలికైపోయి ఏడ్చీసాను. డాక్టరు విమల్ని బయట కూర్చోబెట్టి నన్నడిగాడు: "ఇన్ని నీళ్ళు ఎవరు తాగమన్నారండీ మిమ్మల్ని?"

తర్వాత మాట్లాడాడు. ఇప్పుడు లేజర్ వచ్చిందట. కోత లేదు, కుట్లు లేవు. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. పాసు వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పెట్టి, వాచిన కండని ఆవిరి చేసేస్తారట. నేను వెంటనే ఒప్పుకున్నాను. సాయంత్రానికి ఇల్లు! తాతబాబు లాగా నెల్లాళ్ళు ఆసుపత్రిలో పడుంటే కదా లోకానికి తెలిసేది.

"ఒక్క మాట" అన్నాడు డాక్టరు. "పాత పద్ధతిలో కోసిన ముక్కలు పరీక్షకి పంపేవాళ్ళం. ఇందులో ముక్కంటూ ఏమీ మిగలదు, అంతా ఆవిరే. అందుకే ముందు సూది పరీక్ష చేయించుకోమంటున్నాను."

నేను వద్దన్నాను. ఇప్పుడు చీముంది గదా, దానివల్లే ఆ రక్తంలో ఎక్కువ వచ్చి ఉంటాదేమో అన్నాను. ఆయన మాటే ఆయనకి అప్పజెప్పాను. "సరే, ముందు ఈ అడ్డు తీద్దాం. ఆరు వారాలకి మళ్ళీ రక్తపరీక్ష. అప్పటికీ తగ్గకపోతే సూది తప్పదు. రావాలి మీరు. తప్పకుండా రావాలి" అన్నాడు.

వస్తానన్నాను. వెళ్తాను కూడా. వెళ్ళకేం.


జూలై 3

అయిపోయింది. నడుం దగ్గర సూది ఇచ్చి కాళ్ళు మొద్దుబార్చారు. తెలివిగానే ఉన్నాను. పచ్చటి వెలుగు గోడ మీద పడుతూ ఉంది. మాంసం ఆవిరవుతోందంటే వాసనొస్తాదేమో అనుకున్నాను. ఏమీ రాలేదు.

ఒక్క గండం గడిచింది. నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి, "ప్రోస్టేట్ పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని గట్టిగా పిలిచింది. విమల పలకలేదు. మా గురించి కాదనుకుంది. రెండోసారి నా పేరుతో పిలిస్తే అప్పుడు లేచింది. స్ట్రెచర్ పక్కనే నడుస్తా, "ఏటండీ, ప్రోస్టేటంటే ఏటి?" అనడిగింది.

"రాయి ఉండే చోటు" అన్నాను.

"అలగా" అంది. నమ్మీసింది. నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా వచ్చింది.

దీపాల వేళకి ఆటోలో ఇంటికొచ్చీసాం. కాలికి సంచి కట్టారు, లుంగీ కింద కనపడదు. మంచం మీద పడుకోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడడిగింది: "మరి రాయేదండీ? మా పెద్దనాన్నకి సీసాలో ఏసి ఇచ్చారు."

డాక్టరు రేపిస్తాడన్నాను.


జూలై 5

ట్యూబు తీసేశారు.

ధార. ధార! ఇరవై ఏళ్ళ కుర్రాడిలాగా. మంట ఉంది, ఉండనీ. బాత్రూంలో నిలబడి గట్టిగా నవ్వీసాను. విమల బయట నుంచి, "ఏటండీ, ఏటైంది?" అంది. "స్తోత్రం" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ క్షణంలో అబద్ధం లేదు నాలో.


జూలై 16

డ్యూటీలో చేరాను. కేబిన్లోకి సీసా పట్టుకెళ్ళలేదు. మధ్యాహ్నం దాకా హాయిగా కూర్చున్నాను.

రాయి గురించి విమల రోజూ అడుగుతోంది. ఆసుపత్రి వాళ్ళు పారేసి ఉంటారని చెప్పొచ్చు. చెబితే అక్కడికెళ్ళి పోట్లాడుతాది, దాని సంగతి నాకు తెలుసు. షిఫ్టు అయ్యాక ఖనిజం ఎక్కించే వైపు నడిచి వెళ్ళాను. అక్కడ దారంతా పెల్లెట్లు రాలి ఉంటాయి. ఇనుప ఖనిజాన్ని పిండి చేసి ఉండలు కట్టి కాల్చినవి, శనగగింజంత. గుండ్రటివి వదిలేసి, పగిలిన పెచ్చు ఒకటి ఏరి జేబులో వేసుకున్నాను.

విమల దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత గరుగ్గా ఉందేటండీ. లోపల ఎంత గీరేసిందో" అంది. హోమియో మందుల సీసా ఖాళీది కడిగి, దూది పెట్టి, అందులో వేసింది. కాసేపటికి దూది ఎర్రబడింది. పెల్లెట్ల మీద ఆ ధూళి ఎలాగూ ఉంటాది.

"నెత్తురండీ. ఇంకా ఉంది" అని ఏడ్చింది.

దాని తల మీద చెయ్యి వేశాను.


జూలై 29, ఆదివారం

సాక్ష్యం చెప్పాను.

తప్పించుకుందామని చూశాను. ఒంట్లో బాగాలేదన్నాను, వచ్చే వారం అన్నాను. విమల ఒప్పుకోలేదు. "అంతమంది మోకాళ్ళూని అడిగారు. బాగయ్యాక నిలబడి చెప్పకపోతే ఎలాగండీ? దేవుడికి మర్యాద కాదు." నిజమే. మా గుడిలో జ్వరం తగ్గినోడు కూడా లేచి చెబుతాడు.

ముందుకెళ్ళి మైకు పట్టుకున్నాను. "నాకు రాయి ఉండేది. ప్రభువు తీసేశాడు" అన్నాను. ఇంకేమీ రాలేదు. అదే గొప్ప సాక్ష్యమైపోయింది, దుఃఖం వల్ల మాట రాలేదనుకున్నారు. విమల సీసా తెచ్చి అయ్యగారికిచ్చింది. ఆయన వెలుగులోకి ఎత్తి చూపించారు. ఆడవాళ్ళు ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు తీసుకుని చూశారు. మగాళ్ళ వైపు మా పోర్టు వాళ్ళు నలుగురైదుగురు కూర్చుంటారు. సీసా వాళ్ళ దాకా వస్తాదేమోనని దాని మీంచి కళ్ళు తిప్పలేదు. ఆ సరుకు రోజూ తొక్కుతా తిరిగేవాళ్ళు. రాలేదు. ఒక పిల్లాడు దాన్ని గిలకలాగా ఊపుతంటే వాళ్ళమ్మ లాక్కుని విమలకిచ్చేసింది.

ఇంటికొచ్చి పడుకున్నాను.


ఆగస్టు 14

ఇవేళే ఆరు వారాలు. ఎరువుల ఓడ ఉంది. ఓడుండగా సెలవు ఎలా అడుగుతాం.


ఆగస్టు 20

వచ్చే వారం వెళ్తాను.

వెళ్ళాలంటే విమలకి చెప్పాలి. నిన్న మాటల్లో, డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు అని చూచాయగా అన్నాను. "దేవుడు తీసేసిన రాయిని మళ్ళీ వాళ్ళు ఎతకడమెందుకండీ?" అంది బియ్యం ఏరుకుంటా. సీసా టీవీ మీద ఉంది. వచ్చినోళ్ళందరికీ చూపిస్తోంది. సాక్ష్యం చెప్పినోణ్ణి, మళ్ళీ పరీక్షకెళ్తే సంఘం ఏమనుకుంటాది?

అయినా బాగానే ఉంది కదా. ధార బాగానే ఉంది.


సెప్టెంబరు 9

వచ్చే వారం.


అక్టోబరు 2

పోర్టుకి సెలవు. ఆసుపత్రికీ సెలవే అయి ఉంటాది.


నవంబరు 11, ఆదివారం

గుళ్ళో కోత పండగ. విమల అరటి గెల ఇచ్చింది, గ్రేసీ గుమ్మడికాయ. నేను బల్ల మీద ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. నడుం. ఈ మధ్య లాగుతోంది. కేబిన్లో సీటు స్ప్రింగు పోయింది, ఎన్నిసార్లు చెప్పినా మార్చరు. దానివల్లే.


నవంబరు 26

సీటు మార్చారు. నడుం అలాగే ఉంది. కొత్త సీటు అలవాటవ్వాలి.


డిసెంబరు 19

నొప్పి రాత్రిళ్ళు ఎక్కువగా ఉంటోంది. పాసు బాగానే వస్తోంది, అది వేరు, ఇది వేరు. క్రిస్మస్‌కి కొత్త ప్యాంటు కుట్టించుకుందామని వెళ్తే టైలరు కొలత చూసుకుని, పాత కొలత చూసుకుని, "ఏటి బావా, సగం మనిషివైపోయావు?" అన్నాడు. షుగరేమో చూపించుకోమన్నాడు.

షుగరే అయి ఉంటాది.

విమల మళ్ళీ ఉలవలు నానబెట్టింది. "నడుం నొప్పంటే రాయేనండీ. మళ్ళీ పుట్టింది. ఈసారి మొదట్లోనే పట్టుకున్నాం" అంది. ఎంత ధైర్యంగా అందో. నేను చారు పోసుకుని తిన్నాను. కొండపిండాకు కూడా తిన్నాను. ఒక్కోసారి నాకే అనిపిస్తాది, ఏమో, నిజంగా రాయేనేమోనని. అయితే ఎంత బాగుణ్ణు. ప్రభువా, నాకొక రాయియ్యి.


2008 జనవరి 9

క్రేను ఎక్కుతున్నాను. ఎడమ కాలు మెట్టు మీద పెట్టాను, పెట్టినట్టు తెలీలేదు. చూస్తే కాలు గాల్లో ఉంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వేలాడాను. ఎల్లాజీ ఎక్కి వచ్చి, నన్ను భుజమ్మీద వేసుకుని దించాడు. దించుతున్నంతసేపూ వాడు ఏదో ఒక వెటకారం ఆడతాడని చూశాను. గట్టిగా ఊపిరి తీసుకోవడం తప్ప ఏమీ వినపడలేదు.


జనవరి 18

నేను ఎవరి దగ్గరికి వెళ్ళకుండా తిరిగానో ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళారు. పాత కాగితాలు తీసి చూశాడు. "మీరు ఆరు వారాలకి రాలేదు" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సూదితో ముక్క తీశారు. అప్పుడు వద్దన్న ముక్కే. నొప్పి కూడా లేదు, చీమ కుట్టినట్టుంది. దీనికా నేను పారిపోయింది!

ఇవేళ పరీక్ష కాగితాలొచ్చాయి. ఎముకల్లోకి పాకిపోయింది. నడుం ఎముక తినేసిందట. నెలనెలా ఇంజెక్షను చేయించుకోవాలట, కొన్నాళ్ళు ఆపడానికే గాని పోగొట్టడానికి కాదట. "ముందే తెలిసుంటే?" అనడిగాను. ఎందుకడిగానో. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇప్పుడది అనుకుని ఏం లాభమండీ" అన్నాడు. అంటే తెలిసిపోయింది.

వీల్‌చైర్లో బయటికి తీసుకొస్తే విమల లేచి నిలబడింది. "మళ్ళీ రాయేనా అండీ?"

అవునన్నాను. దేవుడు నా నోరు పడిపోనిచ్చినా బాగుండేది.


ఫిబ్రవరి 5

రేపట్నుంచి శ్రమల దినాలు, ఉపవాసాల నలభై రోజులు, మొదలు. విమల వంటింట్లో ఉలవలు కడుగుతోంది, నానబెట్టడానికి. ఆ గింజలు గిన్నెలో పడే చప్పుడు విని ఉండలేకపోయాను.

"నానబెట్టకు" అన్నాను.

"ఏం, అన్నంలోకి వద్దేటి?"

"రాయి కాదు విమలా. ఎప్పుడూ రాయి కాదు."

అన్నీ చెప్పాను. మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తా చెప్పాను. ప్రోస్టేటంటే ఏటో చెప్పాను. క్యాన్సరని చెప్పాను. అది తడి చేతులతో అలాగే నిలబడి విన్నాది. తర్వాత టీవీ దగ్గరికెళ్ళి సీసా తెచ్చింది.

"మరి ఇదేటి?"

"పెల్లెట్టు. దారిలో ఏరింది."

"నెత్తురుండేది దీనికి."

"ఇనప మట్టి."

అది కూర్చుంది. ఆ తర్వాత మొదలెట్టింది. "గుడి నిండా మనుసుల్తోటి ఏటడిగించాను నాను? ఏడు నెల్లు రాయి రాయని మొత్తుకున్నాను. ఆయనేటి సేత్తాడు, అడిగిందేదో అడగాలి గదా! నాకు సెప్పకపోతే పోయె. ఎందుకు? ఎవులు నవ్వుతారని?"

"తాతబాబు."

"తాతబాబు నవ్వుతాడని సచ్చిపోతావా?"

పెళ్ళైన నాటి నుంచి నన్ను మీరు అని తప్ప పిలవని మనిషి. అరిచి, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. "నాను నీళ్ళు తాగించి తాగించి సంపీసాను" అంది. కాదన్నాను. దానివల్ల కాదని డాక్టరు చెప్పిన మాటలన్నీ చెప్పాను. వినలేదు.

సీసా పారేస్తాదనుకున్నాను. కొంగుతో తుడిచి మళ్ళీ టీవీ మీదే పెట్టింది. అలవాటు కాబోలు.


ఫిబ్రవరి 10, ఆదివారం

గ్రేసీ ఆటోలో తీసుకెళ్ళింది. నన్ను ఆఖరి వరసలో కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రార్థన మనవుల దగ్గర విమల లేచింది. నేను చెప్పొద్దని కూడా అనలేదు.

"మా ఆయనకి రాయి కాదండి. నాను తప్పు సెప్పాను. ప్రోస్టేటు. మగాళ్ళకి ఒంటికెళ్ళే కాడ ఉంటాదండి. అందులో క్యాన్సరండి. ఎముకలకి పాకిపోయింది. ఈసారి సరిగ్గా అడగండి."

ఇలాగే అంది. మైకు లేకుండా, గట్టిగా, అందరి ముందూ. ఒంటికెళ్ళే కాడ అంది. నేను ఇన్నాళ్ళూ భయపడ్డది ఆ ఒక్క మాటకే. మా పోర్టు వాళ్ళ వైపే చూస్తా ఉన్నాను. నాతో కలిసి కేంటీన్లో కుళాయి కుళాయి అని అరిచినోళ్ళు. ఒక్కడు పెదవి వంచుతాడేమోనని, ఒక్కడు పక్కోడి మోచెయ్యి పొడుస్తాడేమోనని చూశాను. అందరూ తలలు దించుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వేసింది భయం. డాక్టరు చెప్పినప్పుడు కూడా అంత వెయ్యలేదు.

అయ్యగారు ప్రార్థన మొదలెట్టి రెండు మాటల తర్వాత ఆగిపోయారు. బండ గురించి ఏమీ అనలేదు ఈసారి.


ఫిబ్రవరి 16

రెండు కాళ్ళూ.


ఫిబ్రవరి 23

తాతబాబు వచ్చాడు.

యారాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట, వాళ్ళ కొడుకు దగ్గరుంటన్నాడు. అరటిపళ్ళు తెచ్చాడు. ముసలోడైపోయాడు గాని నడక బాగుంది. విమల కుర్చీ వేసి, "కూకో అన్నయ్యా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాళ్ళు పడిపోయాక నాకు మళ్ళీ ట్యూబు వేశారు, సంచి మంచం పట్టీకి వేలాడుతోంది. వాడి కళ్ళు దానిమీద పడ్డాయి.

నేను కాచుక్కూర్చున్నాను. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని. వాడికి ఆ హక్కుంది. రిటైరయ్యే దాకా పడ్డాడు. వాడు అనబోయే మాటకి జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. వాడు సంచి మీంచి చూపు తిప్పుకుని, పాలవాడు నీళ్ళు కలుపుతన్నాడని, ఎండలు అప్పుడే ముదిరిపోయాయని ఏదో చెప్పుకొచ్చాడు.

ఉండబట్టలేక నేనే మొదలెట్టాను. "ఏరా కుళాయీ, సూత్తన్నావా? నీకు కారడమే గాని నాకు పైపులైను కూడా వేసేసారు."

"ఊరుకో బావా" అన్నాడు.

"నాకేటి పేరెట్టారురా బెర్తు మీద? నిన్న పోర్టుకెళ్ళొచ్చావట కదా, ఎల్లాజీ సెప్పాడు. సెప్పు. నాను కోపగించుకోను."

"ఏ పేరూ నేదు."

"అబద్ధం. మనోళ్ళు ఊరుకుంటారేటి? పైపని ఎట్టుంటారు. సంచి అని ఎట్టుంటారు. సెప్పరా, నవ్వుకుందాం."

వాడు లేచి, జారిపోయిన నా దుప్పటి సరిచేశాడు. నా పాదం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి నాకు కనపడింది గాని తెలీలేదు. "నీకు పేరేటి బావా. కేంటీన్లో అందరూ విజయరత్నం అనే అంటన్నారు. విజయరత్నానికి ఎలగుంది, విజయరత్నం తింటన్నాడా అని అడుగుతన్నారు."

బెర్తు మీద నన్ను రత్నం అనేవారు, రత్తీ అనేవారు, కోపం వస్తే ఇంకేదేదో అనేవారు.

"పూర్తి పేరేనేటి?" అనడిగాను.

"పూర్తి పేరే బావా."

"అయితే కేంటీన్లో నల్లబోర్డు కాడ సుద్దముక్క ఉందో లేదో సూసుకోమనరా" అన్నాను.

వాడు అప్పుడు కూడా నవ్వలేదు.